పసుపుకాళ్ళ కోడలు

పెళ్ళయిన పదమూడేళ్ళలో మా అత్తగారు రోజీనె నన్ను సలోమె అని పేరుపెట్టి పిలిచింది నాలుగైదుసార్లకు మించదు. పాస్టరుగారు ఇంటికొచ్చినప్పుడు పిలిచేది. మిగతా రోజుల్లో నేను గెల్బ్‌ఫ్యూస్‌లర్ని. అంటే పసుపుకాళ్ళదాన్ని. "పసుపుకాళ్ళదానా, ఆ బుట్ట ఇటు పట్రా." "పసుపుకాళ్ళది వండింది, ఉప్పు చూసుకుని తినండి." అది తిట్టు కాదని ఐఖ్‌వైలర్‌లో అందరూ నాకు నచ్చజెబుతూ వచ్చారు. సరదాకట. ఒకటి రెండేళ్ళు నాకూ సరదాగానే ఉండేది, అబద్ధమెందుకు. కానీ పదమూడేళ్ళపాటు ఒకే హాస్యానికి నవ్వమంటే ఎవరి మూతయినా బిగుసుకుపోతుంది.

నేను బాడెన్‌దాన్ని. మా ఊరు వీసెన్‌బ్రున్ ఇక్కడికి రెండున్నర గంటల నడక. మధ్యలో చిన్న అడవి, ఒక వాగు, వాగు ఒడ్డున సరిహద్దు రాళ్ళు. ఇటువైపు వ్యుర్టెంబెర్గ్, ఇక్కడివాళ్ళు ష్వాబులు. అటువైపు మేము, పసుపుకాళ్ళవాళ్ళం. మా వైపు వాళ్ళకు పిసినారి ష్వాబులని పేరు. యుద్ధం ఓడిపోయాక అమెరికావాళ్ళు వచ్చి మా రెండు పక్కల ఊళ్ళనూ ఒకే పాలన కింద పెట్టారు. అయినా ఆ రాళ్ళు పీకినవాడు లేడు.

ఆ పేరు ఎలా వచ్చిందో ఐఖ్‌వైలర్‌లో పాలుతాగే పిల్లలు కూడా చెబుతారు. పూర్వం బాడెన్ రైతులు ప్రభువుగారికి ఏటా బండెడు గుడ్లు కప్పం కట్టాలట. ఒక ఏడు బండి నిండిపోయింది, గుడ్లింకా మిగిలాయి. ఏం చెయ్యాలో పాలుపోక చెప్పులు విప్పి బండెక్కి, ఎండుగడ్డి అణిచినట్టు గుడ్లను కాళ్ళతో తొక్కి, పైన చోటు చేసుకుని మిగిలినవి కూడా పోశారట. అప్పటినుంచి వాళ్ళ కాళ్ళు పసుపు. ఈ కథ మా అత్తగారు చెబితేనే వినాలి. బండి ఎంతుందో చేతులు చాపి చూపించేది, పావడా ఎత్తి పట్టుకుని తొక్కుడు కూడా తొక్కి చూపించేది. మొదటిసారి విన్నప్పుడు నేను పొట్ట పట్టుకుని నవ్వాను.

ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. సరిహద్దు అవతలనుంచి వచ్చిన కోడలు మొదటి ఈస్టరునాడు పెరట్లో అందరి ముందూ చెక్కతొట్టిలో నిలబడి వట్టికాళ్ళతో గుడ్లు తొక్కాలి. అప్పుడుగాని ఆమెను ఇంటిమనిషి కింద జమకట్టరు. 1939 ఈస్టరుకు నా వంతు వచ్చింది. ఊరంతా చేరింది. నేను మేజోళ్ళు విప్పి తొట్టిలోకి చూస్తే గుడ్లు మూడే ఉన్నాయి, మూడూ పగుళ్ళిచ్చినవే. వేళాకోళానికైనా సరే మంచి గుడ్డు పాడుచెయ్యడానికి మా అత్తగారికి చేతులు రాలేదు. అడుగున రంపపుపొట్టు పోసి, పైన ఆ మూడింటినీ పెట్టింది. నేను తొక్కాక ఆ పొట్టును కూడా పారెయ్యకుండా కోళ్ళకు వేసింది.

నా భర్త గొట్‌హిల్ఫ్ ఆ రోజు కొట్టం గోడకు ఆనుకుని, టోపీ చేతుల్లో తిప్పుకుంటూ అందరితోపాటు నవ్వాడు. మెత్తటి మనిషి. కాళ్ళు కడుక్కోవడానికి వేడినీళ్ళు అతనే తెచ్చిచ్చాడు. 1941లో సైన్యంలోకి పట్టుకుపోయారు. 1944 ఆగస్టులో రొమేనియానుంచి ఉత్తరం రాశాడు, పుచ్చకాయలు తింటున్నామని, బూట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయని. అదే ఆఖరు. చనిపోయాడని ఎవరూ రాయలేదు. ఖైదులో ఉన్నాడని కూడా రాయలేదు. ఆచూకీ లేదు అని సైన్యం కాగితంలో ఒక్క ముక్క వచ్చింది. ఆ ఒక్క ముక్కతో నేను ఏడేళ్ళు కాపురం చేశాను.

మా ఇల్లు ఊరి గుడ్ల కేంద్రం. మంగళ, శుక్రవారాల్లో ఆడవాళ్ళు బుట్టలు తెస్తారు. ఒక్కో గుడ్డునూ దీపం ముందు పట్టి, లోపల రక్తపుచుక్క ఉందేమో చూసి పెట్టెల్లో సర్దాలి. మర్నాడు లారీ స్టుట్‌గార్ట్‌కు తీసుకుపోతుంది. దీపపు వెలుగు సరిగ్గా కనబడాలని ఆ గదికి కిటికీ పెట్టలేదు. ఆ రోజుల్లో ఆరేడు గంటలు నేను ఆ గదిలోనే. పసుపుకాళ్ళదాని చేతిలో ఊరి గుడ్లన్నీ పెట్టారంటే వాళ్ళ నోళ్ళకు ఎంత మేత దొరికిందో చెప్పనక్కర్లేదు. కాలు పెట్టకు సలోమె, చేత్తోనే సర్దు, అని ఎవరో ఒకరు అనని శుక్రవారం లేదు.

గుడ్ల గదికంటే నన్ను ఎక్కువ నలిపింది ఊడుపు వారం. ష్వాబుల ఊళ్ళలో శనివారం నాడు మెట్లూ గుమ్మం ముందు వీధీ ఊడవకపోతే ఆ ఇంటికి పరువు లేదు. మా మామగారు బతికున్నప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళందరికీ, మగా ఆడా తేడా లేకుండా, వంతులు వేశారు. ఎవరి వారమైతే వాళ్ళ పేరున్న చెక్కపలక తలుపు పక్క మేకుకు తగిలిస్తారు. ఆయన పోయాక ముగ్గురం మిగిలాం. గొట్‌హిల్ఫ్ ఆచూకీ పోయిన తరువాత కూడా అత్తగారు వంతులు మార్చలేదు. ప్రతి మూడో వారం అతని పలక తగిలించేది. ఆ వారం ఎవరూ చీపురు ముట్టకూడదు. అతనే వచ్చి ఊడుస్తాడు. ఎండుటాకులు, గుర్రపు పేడ, బురద, అన్నీ ఆ శనివారం మా గుమ్మంలో అలాగే పడి ఉండేవి. ఊరు చూసేది, పెదవి విప్పేది కాదు. తొలిరోజుల్లో ఆ పలక చూస్తే నాకు ఏడుపు వచ్చేది. తరువాత తరువాత ఊపిరాడేది కాదు.

వీసెన్‌బ్రున్‌లో ఎమిల్ అని గుర్రపు జీన్లు కుట్టే మనిషి ఉన్నాడు. భార్య పోయింది. చిన్నప్పుడు నాతో బడికి వచ్చినవాడే. 1950లో మా చిన్నాన్న అంత్యక్రియలకు వెళ్ళినప్పుడు కలిశాం. ఆ తరువాత నెలకోసారి ఏదో ఒక వంకన వాగు దాకా వచ్చేవాడు, నేనూ ఏదో వంకన వెళ్ళేదాన్ని. అతనికి ఎక్కువ మాటలు రావు. 1951 చివర్లో ఒక రోజు, నన్ను చేసుకుంటావా అని అడిగేశాడు. చేసుకుంటాను అని నోటిదాకా వచ్చింది. కానీ నాకు మొగుడున్నాడు, ఒక పలక మీద. చట్టం లెక్కలో నేను విధవను కాను. ఎమిల్ ఈస్టరు లోపల ఏదో ఒకటి తేల్చి చెప్పమన్నాడు. అతనికి నలభై దాటాయి, అతన్ని తప్పుపట్టలేను.

ఆ డిసెంబరులోనే బాడెన్, వ్యుర్టెంబెర్గ్ మొత్తంగా ఒక్క రాష్ట్రం కావాలా అని ఓట్లు జరిగాయి. ఊళ్ళో రెండు నెలలు అదే గోల. పసుపుకాళ్ళవాళ్ళను ఇంట్లోకి రానిస్తే గచ్చు కడుక్కోలేక చస్తాం అని రొట్టెల దుకాణంలో పడీపడీ నవ్వారు, నేను వరసలో నిలబడి ఉండగానే. అందరికంటే గట్టిగా నవ్వింది మా అత్తగారు.

జనవరిలో పట్నంలో కోర్టు గుమాస్తాను కలిశాను. కొత్త చట్టం వచ్చిందని, యుద్ధంలో ఆచూకీ పోయినవాళ్ళ భార్యలు అర్జీ పెడితే చాలునని, చనిపోయినట్టు కోర్టు ప్రకటిస్తుందని ఆయన చెప్పాడు. కుటుంబ పుస్తకం తీసుకురమ్మన్నాడు. పెళ్ళినాడు రిజిస్ట్రారు ఇచ్చే చిన్న పుస్తకం అది, అందులో రెండు పక్కల తల్లిదండ్రుల పేర్లూ పుట్టిన ఊళ్ళూ అన్నీ ఉంటాయి. అది మా అత్తగారి దుప్పట్ల బీరువాలో ఉంది. పెళ్ళయిన సాయంత్రమే గొట్‌హిల్ఫ్ దాన్ని తల్లి చేతికిచ్చాడు. సంతకం పెట్టిన పేజీ తప్ప నేనేమీ చూడలేదు. పెళ్ళినాడు అత్తగారు ఎక్కడ పుట్టిందో చదువుతూ కూర్చునే పెళ్ళికూతురు ఎవరుంటారు.

ఆ సాయంత్రం పప్పూ గుడ్డు నూడుల్సూ వడ్డించి, భోజనం ముగుస్తుండగా అడిగాను.

"అత్తమ్మా, కుటుంబ పుస్తకం కావాలి. కోర్టువాళ్ళు అడిగారు."

ఆవిడ చెంచా కింద పెట్టింది. పళ్ళేన్ని రొట్టెముక్కతో తుడిచి, ఆ ముక్క తిని, అప్పుడు మాట్లాడింది. "పుస్తకం బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి నా నడుముకుంది. నేను చచ్చాక తీసుకో."

"ఏడేళ్ళయింది."

"రష్యా ఖైదునుంచి ఏడేళ్ళకూ వస్తున్నారు. నా కొడుకును కాగితం మీద చంపడానికి నా ఇంట్లోంచి కాగితం ఇవ్వను. పసుపుకాళ్ళదానివి, నీకేం తెలుస్తుంది."

తల్లి మనసు అది, నాకు అర్థం కాలేదని కాదు. నేనేమీ రాక్షసిని కాను. మూడు వారాలు మళ్ళీ నోరెత్తలేదు. కానీ ఊరికి సంగతి పొక్కింది. గుడ్ల గదిలోకి వచ్చిన ఆడవాళ్ళు నాతో మాటలు తగ్గించారు. మొగుడి పలక దించడానికి తొందరపడుతోందట అని ఒకామె నా చెవిన పడేలాగే అంది. పాస్టరుగారిని అడిగితే ఓర్పు అన్నాడు. ఆ మాట నాకు ఒళ్ళుమంట తెప్పించింది.

ఆఖరికి ఎగెల్‌హాఫ్ మేష్టారి దగ్గరికి వెళ్ళాను. గొట్‌హిల్ఫ్‌కు చదువు చెప్పిన మనిషి, ఇప్పుడు పనినుంచి దిగిపోయి ఈ చుట్టుపక్కల మాటలన్నీ చీటీల మీద రాసి చెప్పుల డబ్బాల్లో దాచుకుంటున్నాడు. ఊళ్ళో మా అత్తగారు ఎవరి మాటైనా వింటుందంటే ఆయన మాటే. మార్చిలో ఒక శనివారం పొద్దున వెళ్ళి నా గోడు చెప్పుకుని, మీరు వచ్చి ఆవిడకు నచ్చజెప్పండి అని వేడుకున్నాను. ఆయన సగమే విన్నాడు. వినేవాళ్ళు దొరక్క మొహం వాచిపోయి ఉన్నాడేమో, అప్పటికే ఒక డబ్బా తెరిచాడు.

"ఓట్ల పుణ్యమా అని నీ మాట మీదే పనిచేస్తున్నానమ్మా. గెల్బ్‌ఫ్యూస్‌లర్. బాడెన్ సైనికులు పసుపు గుడ్డ కాళ్ళకు చుట్టుకునేవాళ్ళు, అందువల్ల వచ్చింది అంటారు కొందరు. బంకమట్టి నేలలో చెప్పుల్లేకుండా తిరిగినవాళ్ళని కొందరు. అదంతా వదిలెయ్. పాత రాతల్లో చూస్తే ఆ పేరు మొదట మాకే ఉంది. ష్వాబులకే. గుడ్లబండి కథ కూడా తూర్పున ఒక ష్వాబు పట్నం మీద చెప్పుకున్నదే. ఎవరో మాకంటించారు, మేము తీసుకెళ్ళి మీకంటించాం."

ఇంకెప్పుడైనా అయితే నాకు పట్టరాని సంతోషం కలిగేది. ఆ రోజు నాకు కావలసింది అది కాదు. పుస్తకం సంగతి చెప్పండి మేష్టారూ అన్నాను.

"ఈ సంగతి మీ అత్తగారికి ఓసారి చెప్పాను. మొహం మీద తలుపేసింది. పాపం, ఆవిడకు తొమ్మిది గుడ్లు కదా, ఊరికే తొక్కించారని ఒప్పుకోవాలంటే కష్టమే."

"ఏ తొమ్మిది గుడ్లు?"

ఆయన కళ్ళద్దాలు తీసి నావంక చూశాడు. "ఆవిడ తొట్టిలో తొక్కినవి. నాకప్పుడు పన్నెండేళ్ళు, గోడెక్కి చూశాను. అన్నీ మంచి గుడ్లే, వాళ్ళత్తగారి చెయ్యి పెద్దదిలే. రోజీనెది హోఫెన్ కదమ్మా, మీ వీసెన్‌బ్రున్ పక్క ఊరు. నీకు తెలుసనుకున్నాను."

నాకు తెలియదు. అరవై దాటినవాళ్ళందరికీ తెలుసు, వాళ్ళ పిల్లలకు తెలుసు, నా మొగుడికి తెలుసు. పదమూడేళ్ళుగా నన్ను చూసి ఆవిడ నవ్వుతుంటే, ఆవిడను చూసి ఊరంతా లోలోపల నవ్వుకుంది, ఆ నవ్వులో నా వాటా మాత్రం ఎవరూ నాకివ్వలేదు. ఊరివాళ్ళకంటే చిక్కగా ఆవిడ ఊరి యాస ఎందుకు మాట్లాడుతుందో అప్పుడు తెలిసింది. పుస్తకం ఎందుకివ్వదో కూడా తెలిసింది.

ఇంటికొచ్చేసరికి మేకుకు గొట్‌హిల్ఫ్ పలక వేలాడుతోంది. అతని వారం. గుమ్మంలో మంచు కరిగిన బురద, దానిమీద గడ్డిపోచలు. నేను కొట్టంలోకి వెళ్ళి చీపురు తెచ్చి మెట్లమీదినుంచి ఊడవడం మొదలుపెట్టాను. ఐఖ్‌వైలర్‌లో అలాంటి పని ఎవరూ చెయ్యరు. ఇంకొకరి వారంలో చీపురు పట్టడం అంటే ఆ మనిషి ఇక లేడని వీధిలో చాటింపు వెయ్యడమే. ఎదురింటి కిటికీ తెర కదిలింది. రొట్టెల దుకాణం ఆమె గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

అత్తగారు తల మీద గుడ్డ కూడా లేకుండా బయటికి వచ్చి చీపురు రెండో కొస పట్టుకుంది. డెబ్బై ఏళ్ళ మనిషి, ఎంత బలమో. "అది వాడి వారం," అంది. తెలుసన్నాను. వాడొచ్చి ఊడుస్తాడంది. రాడు, మీకూ తెలుసు అన్నాను. ఇద్దరం ఆ చీపురు పట్టుకుని వీధిలో గుంజులాడుకుంటున్నాం. అప్పుడు నేను, నలుగురికీ వినబడేలా అడిగాను.

"మీ హోఫెన్‌లో కూడా చీపురు ఇలాగే పట్టుకుంటారా, అత్తమ్మా?"

ఆవిడ చెయ్యి వదిలేసింది. రొట్టెల దుకాణం ఆమె లోపలికి తప్పుకుంది. నేను సంతోషించాను. దాచుకోవడమెందుకు, ఒళ్ళంతా సంతోషించింది. వీధి చివరంటా ఊడిచాను, పేడ కుప్ప వేశాను, చీపురు కడిగాను.

ఆవిడ గుడ్ల గదిలో కూర్చుని ఉంది. శనివారం లారీ వెళ్ళాక అక్కడ పనేమీ ఉండదు. దీపం వెలిగించుకుని వట్టి పెట్టెల మధ్య పీట మీద కూర్చుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

"ఎవరు చెప్పారు?"

"ఎగెల్‌హాఫ్ మేష్టారు. తొమ్మిది గుడ్లట."

"పదకొండు. వాడికి లెక్కలు ఎప్పుడూ రావు." దీపం వత్తి తగ్గించింది. "ముప్పై అయిదేళ్ళు ఈ వీధిలో నా కాళ్ళవంకే చూశారు. పిల్లాణ్ణి కన్నా, మీ మామగారిని పాతిపెట్టినా, నా వెనకాల అదే పేరు. నువ్వొచ్చి తొట్టిలో నిలబడ్డావు. అందరూ నీ కాళ్ళు చూశారు. నావైపు ఒక్కరూ చూడలేదు. అప్పుడు ఆ గుడ్లబండి కథ నేనే మొదలుపెట్టాను, ఇంకొకరు మొదలుపెట్టే లోపల. నువ్వు ఈ ఇంట్లో ఉన్నంతకాలం నేను ష్వాబునే. నువ్వు పోతే మళ్ళీ నేనొక్కదాన్నే మిగులుతాను."

"అందుకా పుస్తకం ఇవ్వలేదు?"

"వాడికోసమూను," అంది. తరువాత, "ఏది ఎంతో నన్నడక్కు. నాకే తెలియదు."

"గొట్‌హిల్ఫ్‌కు తెలుసు కదా."

"కన్నకొడుక్కి తెలియదా. నీతో చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నాను."

అతను తెచ్చిన వేడినీళ్ళు గుర్తొచ్చాయి. ఆ నీళ్ళు నా కాళ్ళకోసం తెచ్చాడో, తన నోరు మూసుకున్నందుకు తెచ్చాడో. బతికున్న మనిషి మీద అయితే ఒక పూట అరిచి ఊరుకోవచ్చు. అతని మీద అరవడానికి కూడా నాకు దారి లేదు. ఆ గది గోడకు తల ఆనించి ఏడ్చాను. అత్తగారు నన్ను ఆపలేదు, దగ్గరికీ రాలేదు. పైకి వెళ్ళి బీరువా తెరిచి పుస్తకం తెచ్చి వట్టి పెట్టె మీద పెట్టింది.

"నోటీసు అంటిస్తారటగా."

అంటిస్తారన్నాను. పంచాయతీ ఆఫీసు బోర్డు మీద ఆరు వారాలు ఉంటుందని గుమాస్తా చెప్పాడు.

"అందులో నా ఊరు కూడా రాస్తారా?"

రాస్తారని చెప్పాను. తల్లి పేరు, పుట్టిన ఊరు, అన్నీ ఉంటాయని. ఆవిడ తల ఊపి దీపం ఆర్పేసింది, నూనె దండగని.

నోటీసు ఏప్రిల్‌లో అంటించారు. ఆ నెలాఖరుకే బాడెన్, వ్యుర్టెంబెర్గ్ కలిసి ఒకే రాష్ట్రమయ్యాయి, దాని కాగితం కూడా ఆ బోర్డు మీదే పక్కన అంటించారు. ఊరు గొట్‌హిల్ఫ్ కాగితం ముందే ఎక్కువసేపు నిలబడింది. ఆదివారం ప్రార్థన అయ్యాక అత్తగారు నల్లగౌనుతో, టోపీతో, జనం మధ్యనుంచి బోర్డు దగ్గరికి వెళ్ళింది. నేను పక్కన ఉన్నాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. గొట్‌హిల్ఫ్, వడ్రంగి, రోజీనె కొడుకు, ఆమె జన్మస్థలం హోఫెన్, బాడెన్. ఎవరూ నవ్వలేదు. కింద, ఇతని గురించి ఏమైనా తెలిసినవారు కోర్టుకు తెలియజెయ్యాలి అన్న వాక్యం దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. అందరివైపూ తిరిగింది.

"మీలో ఎవరికైనా తెలుసా, నా బిడ్డ ఎక్కడున్నాడో?"

ఆవిడ అక్కడే నిలబడి ఏడ్చింది. పెద్దగా, చిన్నపిల్లలాగా. ఆ ఏడుపులో ష్వాబు యాస లేదు. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. జాలిపడ్డాను, కానీ క్షమించలేదు. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయని నన్నడిగితే ఉంటాయనే చెబుతాను.

ఊరి మర్యాద రెండు వారాలు నిలిచింది. మూడో శుక్రవారం బుట్ట దించుతూ ఒకామె, ఈ ఇంట్లో నాలుగు కాళ్ళూ పసుపేనటగా అంది. అందరూ నవ్వారు. సరదాకే. ఆ రోజునుంచి అత్తగారు గుడ్ల గదికి దిగడం మానేసింది. రొట్టెకు నన్నే పంపేది. నన్ను పసుపుకాళ్ళదానా అని పిలవడం మానేసింది, సలోమె అనడం మాత్రం అలవాటు కాలేదు. ఏ పేరూ లేకుండా, ఇదుగో, అనేది.

జూన్‌లో కోర్టు తీర్పు వచ్చింది. గొట్‌హిల్ఫ్ 1945 డిసెంబరు 31న, రాత్రి పన్నెండు గంటలకు మరణించినట్టుగా భావించవలెను. తేదీ తెలియనివాళ్ళకు చాలామందికి అదే గంట ఇచ్చారని గుమాస్తా చెప్పాడు. ఎమిల్ ఈస్టరు అన్నవాడు వేసవి దాకా ఓపిక పట్టాడు. బండి కట్టుకుని వస్తానని కబురు పంపాడు.

ఆ పొద్దున నా సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక పెట్టె, పరుపు, కుట్టుమిషను. ఎమిల్ వాటిని ఎక్కిస్తుంటే నేను లోపల గదులన్నీ ఓసారి తిరిగి చూశాను. అత్తగారికి చెప్పి వెళ్దామని పైకి వెళితే పక్క చక్కగా సర్ది ఉంది, మనిషి లేదు. గుడ్ల గదిలో లేదు, పెరట్లో లేదు. బీరువా తలుపు తెరిచే ఉంది, తాళాల గుత్తి దానికే వేలాడుతోంది. వీధిలోకి పరిగెత్తాను.

బండిలో కూర్చుని ఉంది. నల్లగౌను, టోపీ, ఒళ్ళో దుప్పటి మూట. నా పెట్టెకూ పరుపుకూ మధ్య ఉన్న జాగాలో ఒదిగి, ముందుకే చూస్తోంది. ఎమిల్ గుర్రం పక్కన నిలబడి, గుర్రం చెవి గోకుతూ, నావంక చూసీ చూడనట్టు చూస్తున్నాడు. ఎదురింటి కిటికీ తెర ఈసారి దాపరికం లేకుండా పూర్తిగా పక్కకు జరిగింది.

"ఎక్కడికి అత్తమ్మా?"

"హోఫెన్ మీ దారిలోనే కదా."

"హోఫెన్‌లో మీకెవరున్నారు?"

"ఎవరూ లేరు."

ఏడేళ్ళు. ఆ చీకటి గది, ఆ పలక, ఆ నవ్వులు. నా బతుకు ఇప్పుడే మొదలవుతోంది, అందులో కూడా ఈవిడేనా అని నాకు ఏడుపొచ్చినంత కోపం వచ్చింది. దిగండి అనాలి. ఆ ఒక్క మాటా అంటే ఆవిడ మూట పట్టుకుని మాట్లాడకుండా దిగిపోతుంది, ఆ ఇంట్లోకి ఒక్కతే నడుస్తుంది, నాకు తెలుసు. ఆవిడ నావైపు తిరగకుండానే అడిగింది.

"యాభై ఏళ్ళు ష్వాబుల మధ్య ఉన్నాను. అక్కడ నన్నేమంటారు?"

"పిసినారి ష్వాబుది అంటారు," అన్నాను. "మొట్టమొదట నేనే అంటాను."

"అను," అంది. అని, కొంచెం పక్కకు జరిగింది.

నేను ఎక్కి కూర్చున్నాను. కాళ్ళు చాపడానికి చోటు లేదు.